తడి లేని చోట చిల్లు: వఫ్రాకు నీళ్ల ప్రయాణం

1990 ఆగస్టు 2, గురువారం తెల్లవారుజామున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి ప్రవేశించింది. నెల తిరగకముందే కువైట్ సిటీ శివారు అబ్బాసియాలోని మా బిల్డింగువాళ్లం ముప్పై ఒక్కమందిమి జోర్డాన్ సరిహద్దు దాకా బస్సు మాట్లాడుకున్నాం. రోజుల తరబడి ఎడారి దారి, మాతో ఆరుగురు చంటిపిల్లలు. కుళాయిల్లో చుక్కలే రాలుతున్నాయి. దక్షిణాన సౌదీ సరిహద్దు దగ్గర, వఫ్రాలో ఒక తోటలో మంచినీళ్ల ట్యాంకు నిండుగా ఉందని తెలిసి, బస్సుకు ముందురోజు ఖాళీ క్యాన్లతో బయలుదేరాను.

పికప్ డ్రైవర్ అమలాపురం సత్తిబాబు పెట్రోలుతో కలిపి పదిహేను దినార్లు తీసుకున్నాడు. మామూలుగా గంటన్నర దారి. సైనికులు మూడుచోట్ల ఆపడంతో ఏడింటికి కదిలినవాళ్లం పదింటికి చేరాం. తోట యజమాని అయిన కఫీల్ కుటుంబం అప్పటికే సౌదీకి దాటింది. తోటలో ఉన్నది పనిమనిషి కడప గంగులప్ప, నలభై గొర్రెలు. నేలలోని ట్యాంకుపై కాంక్రీటు కప్పేశారు. డీజిల్ పంపుతో తోడాల్సిందే. పంపు తిరుగుతోంది, నీళ్లు రావడం లేదు. పంపు నీళ్లు అందుకోవాలని, దారిలో తాగడానికి తెచ్చుకున్న రెండు నీళ్ల క్యాన్లలో ఒకటి అందులో పోశాం. రెండు గుక్కలు కక్కి, మళ్లీ ఉత్తగా తిరగసాగింది. పైపంతా తడిమాను. పొడిగా ఉంది.

“లీకు లేదు,” అన్నాను.

“తడి లేకపోతే లీకు లేనట్టేనా సామీ?” గంగులప్ప తన గదిలోంచి అగరొత్తి వెలిగించి తెచ్చాడు.

“అయ్ బాబోయ్, నీళ్లు తోడమంటే పంపుకి పూజ చేత్తారేంటండీ!” అన్నాడు సత్తిబాబు.

“నువ్వూ ఒక దండం పెట్టుకో, పోయేదేముంది!” అన్నాడు గంగులప్ప.

ట్యాంకు నుంచి పంపు దాకా పైపు వెంట అగరొత్తిని నడిపాడు. నిటారుగా లేస్తున్న పొగ, పంపుకు జానెడు దూరంలో, వంపు దగ్గర పక్కకు వాలి పైపులోకి దూరింది.

“నీళ్లు ముందరికి పోతాన్నా, పైపు గోడల్ని అన్ని పక్కలా నెడతాంటాయి. అదే ప్రెషర్. పంపు పీల్చే ఈ పక్క ఆ నెట్టుడు బయటి గాలికంటే తక్కువ. అందుకే నీళ్లు కారవు, గాలి దూరతాది.”

అప్పటిదాకా ప్రెషర్ అంటే కుళాయి ధార వేగమని అనుకునేవాణ్ణి. ధార ఎంత జోరుగా ఉన్నా, లోపలి నీరు గోడను నెట్టే బలం వేరు.

వంపుకు పాత ట్యూబు ముక్క బిగించి కట్టాడు. మిగిలింది చివరి క్యాన్. సత్తిబాబు నా ముఖం చూశాడు. పోయమన్నాను. ఈసారి పంపు పట్టు వదల్లేదు. పదకొండున్నరకు ముప్పై క్యాన్లు నిండాయి.

“మాతో వచ్చెయ్ గంగులప్పా.”

“ఈటికి నీళ్లెవరు పెడతారు?” అని గొర్రెల వైపు చూశాడు. మళ్లీ తనే, “పక్క తోట మిసిరీవాణ్ణి, అదే ఆ ఈజిప్టాయన్ని, అడుగుతా. తొట్లు నింపాల. రేపు రాండి,” అన్నాడు.

ఎడారి దారిన వెళ్లేవారు పంపును తడిపేందుకు ఒక క్యాన్ ముట్టకుండా దాచుకోండి. పంపు తోడకపోతే పీల్చే వైపు పైపు అతుకుల్ని, పొడిగా ఉన్నా సరే, వెతకండి. ఇన్నేళ్లకూ అగరొత్తి పొగ వంగితే నాకు ముందు గుర్తొచ్చేది గంగులప్పే. నా నోటుపుస్తకంలో ఆ రోజు చివరి వాక్యాలివి: రేపు ఉదయం ఐదింటికి సత్తిబాబు మళ్లీ వఫ్రా వెళ్తాడు. బస్సు పన్నెండింటికి. కిటికీ పక్క సీటు గంగులప్పకు.