మూడు కొనల రుమాలు

మా నాన్న ఇనుపరాయి మోసే కిరండూల్ లైనులో రైలు పట్టాల మీద పనిచేసి బచేలిలో రిటైరయ్యాడు. ఆయనకు ఒకటే సూటు, అక్క పెళ్లికి కుట్టించుకున్నది. ఆదివారం చర్చికైనా, ఎవరింట పెళ్లికైనా అదే. ఎండాకాలంలో కూడా కోటు వదిలేవాడు కాదు. వారమంతా ఇనుపరాయి దుమ్ములో ఎర్రగా తిరిగిన మనిషి కదా, ఆ ఒక్క పూట శుభ్రంగా కనిపించాలనుకునేవాడేమో.

కోటు పై జేబులో తెల్ల రుమాలు ఉండాలి. దాన్ని మంచం మీద పరిచి, మూలను మూలకు కలిపి, కాస్త పక్కకు జరిపి, మూడు కొనలు పైకి కనిపించేలా మడిచేవాడు. మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాడు కాదు.

రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రెండో ఆదివారమే సూటు తీయమన్నాడు. రుమాలు మడవడం నా వంతయింది. ఎంత జాగ్రత్తగా మడిచినా ఎడమచేత్తో లాగేసేవాడు.

"మూడోది పొట్టిగైపోనాది. మల్లీ మడతెట్టు," అనేవాడు.

ఒక ఆదివారం వాన. అమ్మ లోపలి గదిలో జ్వరంతో పడుకుంది. బయట ఆటోవాడు "దీదీ, చల్నా హై కి నహీ?" అంటూ, వస్తారా రారా అని అరుస్తున్నాడు. నాన్న మూడోసారి రుమాలు లాగి కింద పడేశాడు.

"నీ రుమాలు ఎవులు చూస్తారు నాన్నా? అందరూ నీ చెయ్యే చూస్తన్నారు," అన్నాను.

అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు. ఆయన నా వైపు చూడలేదు. ఎడమచేత్తో కోటు గుండీలు విప్పుకోసాగాడు.

"ఆటోని పంపీ."

"తప్పయిపోనాది నాన్నా, పద."

"పంపీమన్నానా."

ఆ తర్వాత ఆయన చర్చికి రాలేదు. పాస్టరుగారే ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్లేవారు. నాన్న బనీను మీద దుప్పటి కప్పుకుని కూర్చునేవాడు. రెండుసార్లు రుమాలు మడిచి తెచ్చి చూపించాను. కొనలు బాగానే కుదిరాయి. "అక్కడెట్టు," అన్నాడు, అంతే. నాలుగు నెలలకు మళ్లీ పక్షవాతం వచ్చింది. ఈసారి బతకలేదు.

శవపేటికలో పెట్టే ముందు సూటు తొడిగాం. బాగా చిక్కిపోయాడు. కోటును వెనకవైపు మడిచి పిన్నులు పెట్టాల్సి వచ్చింది. రుమాలు నేనే మడిచాను. పడుకున్న మనిషి జేబులో అది నిలవక జారిపోతుంటే సూదీదారం తెచ్చి రెండు కుట్లు వేశాను. తొందరలో చొక్కాతో కలిపి కుట్టేశాను. విప్పి మళ్లీ కుట్టేసరికి చేతులు చెమటతో తడిసిపోయాయి. అమ్మ పక్కనే నిలబడి చూసింది.

ఆ ఆదివారం నేనన్న మాట అమ్మ లోపలి నుంచి విన్నది. ఇప్పటిదాకా ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అక్క మాత్రం ఫోను చేసినప్పుడల్లా అంటుంది, "ఆఖర్న ఓపిక లేక చర్చి కూడా మానేసినాడు కదే పాపం" అని.

నేను ఊఁ అంటాను.