సిస్టరమ్మ ఐరిష్ ఫ్లూటు... సగం పాటకే ఆమెన్!

మా చిన్నప్పుడు... శంషాబాద్‌లో మా చర్చి... మేం గుడి అనే అంటాం... దాని పక్కన చిన్న దవాఖాన ఉండేది. ఐర్లండు నుంచి వచ్చిన ఒక సిస్టరమ్మ అందులో మందులిచ్చేది. సాయంత్రం రోగులంతా వెళ్లిపోయాక అరుగు మీద కూర్చుని నల్లటి కర్ర ఫ్లూటు వాయించేది. మన పిల్లనగ్రోవిలాగే రంధ్రాలు... పాట మాత్రం చిందులేస్తూ పరుగెత్తేది. విన్న రోజే "నాకు నేర్పు సిస్టరమ్మా" అని అడిగేశాను. సిగ్గూ బిడియం నాకు అప్పుడూ తక్కువే!

ఆమె తెలుగు మా దగ్గర నేర్చుకున్నదే కాబట్టి అచ్చం మా మాటే. మొదటిసారి నేను బుగ్గలు పొంగించి ఊదితే 'బుస్సు'మని గాలి తప్ప ఏమీ రాలేదు.

"పొయ్యి ఊదుతున్నవా ఏంది బిడ్డా? గట్ల కాదు, జర మెల్లగ" అని నవ్వింది.

నిజమే... నాకు తెలిసిన ఊదుడంతా అమ్మ పొయ్యి దగ్గర ఊదుగొట్టంతో నేర్చుకున్నదే.

వానాకాలమంతా ఫ్లూటులోంచి గాలే. కళ్లు తిరిగేవి. పైగా అమ్మ షరతు పెట్టింది. "క్రిస్మస్ దాక చూస్త. గుడిల ఒక్క పాటన్న వాయించకుంటే ఇగ కుట్టుమిషన్ నేర్చుకోనీకి పోవాలె."

సూదిలో దారం ఎక్కించడమంటేనే నాకు ఒళ్లుమంట. పంతం పట్టాను.

ఒకరోజు పొద్దున బాపు సాసర్లో చాయ్ పోసుకుని, పెదాలు సన్నగా చేసి ఊదుతున్నాడు. చాయ్‌లోకి కాదు... దాని మీదుగా!

"బాపూ, ఇంకోసారి ఊదు."

"చల్లగైంది బిడ్డా, ఇంకెందుకు?" అన్నాడు పాపం.

ఆ సాయంత్రం ఫ్లూటు రంధ్రం మీదుగా అలాగే ఊదాను. పలికింది! పక్క ఊరు తొండుపల్లి దాకా వినబడిందని ఇప్పటికీ ఒట్టేసి చెప్తాను.

క్రిస్మస్ రోజు గుడి నిండా జనం. సిస్టరమ్మ నేర్పిన మెల్లటి పాట మొదలుపెట్టాను. సగానికి రాగానే ఊపిరి అయిపోయి ఆగాను. ప్రార్థనలు చెప్పించే ఉపదేశి తాత, పాట అయిపోయిందనుకుని గట్టిగా "ఆమెన్!" అన్నాడు. గుడంతా "ఆమెన్" అంది.

కుట్టుమిషన్ నా కళ్ల ముందు గిర్రున తిరిగింది. గుండె నిండా గాలి పీల్చుకుని మిగతా సగమూ వాయించేశాను. తాత వెనక్కి తగ్గలేదు, రెండో ఆమెన్ ఇంకా గట్టిగా చెప్పాడు.

ఇంటికొచ్చాక అమ్మ నా పళ్లెంలో ఇంకో గరిటె బగారన్నం వేసింది. "తిను. దమ్ము చాలుతలేదు నీకు" అంది. కుట్టుమిషన్ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు మా అమ్మాయి ఫోను చూసి అలాంటి ఫ్లూటే నేర్చుకుంటోంది. నాకంటే తొందరగా వచ్చేసింది, ఒప్పుకుంటాను. వాయించింది ఫోన్లోనే రికార్డు చేసుకుంటుంది... మధ్యలో దమ్ము తెగితే అది చెరిపేసి మళ్లీ మొదలుపెడుతుంది. దాని తప్పులు ఎవరూ వినరు... సగం పాటకు ఆమెన్ అనేవాళ్లూ లేరు. అదొక్కటే నాకు దిగులు.

మీ సగం పాటకు అలా ఆమెన్ అన్నవాళ్లు ఎవరు? కింద రాయండి... చదవాలనుంది.