గంట ఆగిన మధ్యాహ్నం

సింగపూర్ ఉక్కలో ఉన్ని మఫ్లర్ దాచుకునే పిచ్చిదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. క్లెమెంటిలో మా ఫ్లాట్ బీరువా సర్దినప్పుడల్లా అది బయటపడుతుంది. ఎన్నిసార్లు ఉతికినా, ఎన్ని కలరా ఉండలు వేసినా, తుప్పూ తడిరాయీ గ్రీజూ కలిసిన ఆ వాసన దాన్ని వదలదు. "త్రో ఇట్ లా, అమ్మా," అంటుంది మా అమ్మాయి. పారేస్తే ఊరుకుంటానా!

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్న రాళ్ళ మీద ఏదో పరిశోధనంటూ మమ్మల్ని తెనాలి నుంచి తీసుకెళ్ళి జర్మనీలో హార్ట్స్ కొండల్లో పడేశాడు. రెండు కొండల సందులో నలభై ఇళ్ళు, నల్లపలకల కప్పులు, చలికాలంలో పట్టుమని రెండు గంటలు ఎండ తగలని వీధి, పొయ్యిలో కాలే ఆపిల్స్ వాసన, పీపాల్లో పులిసే క్యాబేజీ వాసన, వాటి మీద మా అమ్మ ఇంగువ పోపు, చీకటి పడేదాకా మంచులో చెక్కబండి మీద జారుడాటలు. ఊరి కింద మాత్రం అంతా డొల్ల. వెండి కోసం తరతరాలు తవ్వేశారు. గనిలో ఊరే నీళ్ళు తోడడానికి వాగు మీద ఒక చక్రం, ఆ చక్రానికి గంట. అది తిరిగినంతసేపూ ఠంగు ఠంగుమంటూనే ఉంటుంది. గంట ఆగిందంటే కింద నీళ్ళు పెరుగుతున్నాయని గుర్తు. గని ఎప్పుడో మూతపడినా చక్రాన్ని ఊరివాళ్ళు ఆపలేదు. ఎందుకని అడిగితే మాట మార్చేసేవారు.

ఆ చక్రం మా ఇంటి వెనకే. మా ఇల్లుగలావిడను ఊరంతా ఓమా అనేవారు, అంటే అమ్మమ్మ. ఆ శీతాకాలం, ఏడాదైనా నిండని మా తమ్ముడు మూడు రోజులు జ్వరంతో ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడు. నిద్రపడితేనే గట్టెక్కుతాడన్నాడు డాక్టరు. వాడి కళ్ళు మూతపడీ పడగానే ఠంగుమనేది, ఉలిక్కిపడి లేచేవాడు.

"ఆ మాయదారి గంట నా బిడ్డను చంపేసేట్టుందే!" అని అమ్మ గోడకు తల ఆనించి ఏడ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. గబగబా ఇంటి వెనక చక్రం నిచ్చెనెక్కి, మెడలో మఫ్లర్ తీసి గంట నాలుకకు గట్టిగా చుట్టేశాను.

తమ్ముడు నిద్రపోయాడు. పక్కనే అమ్మ కూడా. అబ్బ, ఎంత హాయిగా ఉందో అనుకుంటూ కిటికీ దగ్గరికెళ్ళాను. వీధిలో తలుపులన్నీ తెరుచుకుంటున్నాయి. చేతులకు పిండితో ఆడవాళ్ళు, సగం గీసిన గడ్డాలతో మగవాళ్ళు, కర్రలూతగా ముసలివాళ్ళు, ఒక్కొక్కరే వచ్చి మంచులో నిలబడ్డారు. ఎవరూ గంట వైపు చూడలేదు. అందరూ తలలు వంచి కాళ్ళ కింద నేలనే చూస్తున్నారు. ఒక ముసలాయన టోపీ తీసేశాడు.

ఓమా ఒక్కతే ఇంటి వెనక్కెళ్ళి మఫ్లర్ విప్పింది. చలికి గంట బిగుసుకుందని అబద్ధం చెప్పి అందర్నీ పంపేసింది. తర్వాత మఫ్లర్ నా మెడకు చుడుతూ, నాకొచ్చిన కాస్త జర్మన్‌లో అర్థమయ్యేలా నిదానంగా చెప్పింది.

"గని నడిచే రోజుల్లో ఒకనాడు నేనూ అంతే. గంట ఆగింది. పోనీలే, బిడ్డ నిద్రపోతున్నాడు కదా అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. వాళ్ళ నాన్న కింద గనిలో ఉన్నాడు."

తమ్ముడు ఆ ఠంగుఠంగుల్లోనే సాయంత్రం దాకా నిద్రపోయాడు. జ్వరం దిగింది. ఇప్పుడు ఇక్కడే, సింగపూర్‌లోని బిషాన్‌లో ఉంటాడు, వాడికవేమీ గుర్తులేవు. ఓమా పోయింది. నేల కుంగుతోందని ఊరు ఖాళీ చేయించి చక్రం ఆపేశారట. అది ఆగినప్పుడు బయటికొచ్చి నిలబడడానికి ఎవరూ మిగల్లేదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం తమ్ముడు వాళ్ళ పాపను నా దగ్గర పడుకోబెట్టి వెళ్ళాడు. టిక్కుటిక్కుమనే మా పాత ఫ్యాను ఉన్నట్టుండి ఆగిపోయింది. పాప కదలకుండా నిద్రపోతోంది.

"అమ్మా, వై ఆర్ యూ స్టాండింగ్ అవుట్‌సైడ్?" అని మా అమ్మాయి పిలిచేదాకా నాకు తెలీనేలేదు. పన్నెండో అంతస్తు కారిడార్‌లో, చెప్పులైనా లేకుండా నిలబడి నేల వంక చూస్తున్నాను. కింద పదకొండు అంతస్తుల మనుషులున్నారు. ఒక్క తలుపూ తెరుచుకోలేదు.