సత్యవతమ్మ సీటు ఎత్తు

సత్యవతమ్మకి బడి చదువు రెండో తరగతితో సరి. కానీ కొబ్బరికాయల లారీని పక్కనుంచి ఒక్క చూపు చూసి, ఎన్ని కాయలు ఎక్కాయో చెప్పేసేది. భర్త పోయాక, ఇంకా ముప్పై ఏళ్లు నిండకుండానే, అంబాజీపేటలో కాయల రాశి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆడదానికి లెక్కలేం తెలుస్తాయని నవ్విన షావుకార్లు ఉన్నారు. వాళ్లు కాగితం చూసుకునేవారు, ఆవిడ లారీ కిందకి చూసేది. బరువు మోసే కమాను పట్టీలు ఖాళీ బండికి రెండు కొసలూ పైకెత్తి నవ్వుతున్నట్టు ఉంటాయి. బరువెక్కే కొద్దీ ఆ నవ్వు తగ్గిపోతుంది.

"ఆరు వేల కాయే ఎక్కించేమంటున్నారు. మరి మీ కమాను అంతలా మూతి బిగించుకుందేంటండీ షావుకారు గారూ, ఇంట్లో ఏమైనా గొడవా?" అని ఒకసారి నలుగురిలో అడిగేసింది. కాయలు మళ్లీ లెక్కపెట్టక తప్పలేదు. ఆ తర్వాత ఆవిడ ముందు ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడావిడకి డెబ్బై ఒకటి. నోరు అలాగే ఉంది గానీ మోకాళ్లు పోయాయి. నిరుడు కొత్తపేటలో బంధువుల గృహప్రవేశానికి ఆటోలో వెళ్లింది. దిగలేకపోతే ఇద్దరు మగవాళ్లు చెరో రెక్కా పట్టుకుని దింపారు. "జాగ్రత్తరోయ్, బస్తా జారిపోద్ది!" అని వెనకనుంచి ఎవడో అన్నాడు. అందరూ నవ్వారు. ముప్పై ఏళ్లు బస్తాలు దింపించిన మనిషి ఆవిడ. భోజనం చేయకుండా వచ్చేసింది. ఆర్నెల్లు గడప దాటలేదు. ఎవరు పిలిచినా ఒంట్లో బాగోలేదనేది.

ఇలా ఉండగా కూతురి కొడుకు నాగసతీష్ పాత కారొకటి కొన్నాడు. మామిడికుదురు దగ్గర ఒక కాంట్రాక్టరు కింద ఎలక్ట్రీషియన్ పని వాడిది. అమ్మమ్మని బలవంతాన ముందు సీట్లో కూర్చోబెట్టి వీధి చివరిదాకా తిప్పాడు. ఇంటికొచ్చాక తలుపు తీసుకుని, కాళ్లు రెండూ బయట పెట్టి, ఎవరి చెయ్యీ పట్టకుండా లేచి నిలబడింది సత్యవతమ్మ. ఆ సీటు సరిగ్గా ఆవిడ మోకాళ్లు ఒప్పుకునే ఎత్తులో ఉంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

"ఎల్లుండి శనివారం. వాడపల్లి వెంకన్న గుడికి తీసుకెళ్లు," అంది.

అప్పట్నుంచి ప్రతి శనివారం వాడపల్లే. దారిలో కొత్తపేట కూడా వెళ్లొచ్చింది, ఆ నవ్విన ఇంటికే. వాళ్ల గుమ్మం ముందు కారు ఆపించి, తనంతట తను దిగి, మంచినీళ్లు తాగి, తనంతట తనే ఎక్కి వచ్చేసింది.

ఇంతలో వాడికి కారుని కిందకి దించాలని పిచ్చి పట్టింది. స్నేహితుల కార్లన్నీ నేలకి అతుక్కుపోయినట్టు తిరుగుతున్నాయట. చక్రానికీ పైన రేకుకీ మధ్య వేలు దూరినా నామోషీ అట.

"రెండంగుళాలేనే అమ్మమ్మా. పొట్టి స్ప్రింగులొస్తాయి, లోయరింగ్ స్ప్రింగులంటారు. చవకలో అయిపోద్ది."

రెండంగుళాలు అనగానే ఆవిడ చెయ్యి మోకాలి మీదకి పోయింది. వెంటనే తీసేసింది.

"ఎవడు బిగిస్తాడు?"

"దేవసహాయం గారు."

"అయితే నేనూ వస్తాను."

దేవసహాయం ఒకప్పుడు లారీల కమానులు కట్టినవాడు. అరవై దాటాక ఇప్పుడు అదే షెడ్డులో కార్ల పని చేస్తున్నాడు. సత్యవతమ్మని చూడగానే చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"ఆయ్, రండమ్మగారూ! ఎన్నాళ్లైందండీ మిమ్మల్ని చూసి."

"బతికే ఉన్నానులే. వీడేదో కారు నడుం విరగ్గొట్టమంటున్నాడు. సంగతేంటో చెప్పు."

ఆయన నిదానంగా చెప్పాడు. లోయరింగ్ స్ప్రింగులు వేస్తే కారు దిగిన ఎత్తులోనే ఉండిపోతుంది. పాత షాకబ్జర్లు ఆ పొట్టి స్ప్రింగులతో త్వరగా అరిగిపోతాయి. కాయిలోవర్లని ఇంకో రకం ఉంది. స్ప్రింగూ షాకబ్జరూ కలిసే వస్తాయి, చుట్టూ మరలుంటాయి, రింగు తిప్పితే పైకీ కిందకీ జరుపుకోవచ్చు. ఖరీదు మాత్రం రెట్టింపు పైనే.

"నాకు స్ప్రింగులు చాలండీ," అన్నాడు నాగసతీష్.

"ఖాళీ బండికి చాల్తాయి. మీ అమ్మ చుట్టాలింటికి ఖాళీ డిక్కీతో ఎప్పుడైనా వెళ్లిందిట్రా? అరవై కాయలు, అరటి గెల, వెనకాల ముగ్గురు మనుషులు. అవన్నీ ఎక్కించి చూడు. అప్పుడు దించు నీ రెండంగుళాలు," అంది సత్యవతమ్మ.

దేవసహాయానికి నవ్వొచ్చింది. పక్క కొట్టునుంచి కాయల గోతాలు తెప్పించి డిక్కీలో వేయించాడు. వెనక సీట్లో ముగ్గురు పనివాళ్లని కూర్చోబెట్టాడు. కారు వెనక భాగం కుంగింది. నేలకీ అడుగుకీ మధ్య ఎంత మిగిలిందో కొలిచి, అందులోంచి రెండంగుళాలు తీసేసి సుద్దముక్కతో గీత పెట్టాడు.

"మీ వీధి మొగలో కాలవ వంతెనుందండి. గూని వంతెన. ఈ లెక్కన కడుపు గీసుకుపోద్ది బాబూ."

"కాయలు మానేద్దాం," అన్నాడు వాడు.

"అమ్మని కూడా మానెయ్యి. కారు ఇంకా తేలిగ్గా ఉంటుంది," అంది సత్యవతమ్మ.

వాడు తల గోక్కున్నాడు. చివరికి ఇంకో రెండు నెలలు ఆగి కాయిలోవర్లే తెప్పించుకుంటానన్నాడు. సత్యవతమ్మ గెలిచినట్టే కనిపించింది. కానీ ఆవిడకి తెలుసు, తిప్పుకునే వీలుంటే వాడు కింది చివరికే తిప్పుతాడని. మోకాళ్ల మాట చెబితే వాడు ఆ క్షణంలోనే మానేస్తాడనీ తెలుసు. అదే చెప్పలేకపోయింది. జాలిపడి మానేస్తే అది మళ్లీ ఎవడో రెక్క పట్టుకుని దింపినట్టే ఉంటుంది ఆవిడకి.

బయల్దేరే ముందు ఆవిడ సీట్లో కూర్చోవడం దేవసహాయం చూశాడు. ముందు నడుం ఆనించి, తర్వాత ఒక్కో కాలూ లోపలికి. చీపురులోంచి ఒక ఈనె లాగి, నేల మీద నిలబెట్టి, సీటు అంచు దాకా కొలిచి విరిచాడు.

"అదేంటయ్యా?" అంది.

"ఊరికేనండి. కొలత ఉంటే మంచిది కదండీ," అని ఈనె జేబులో పెట్టుకున్నాడు.

రెండు నెలల తర్వాత కాయిలోవర్లు వచ్చాయి. ఆ రోజు కూడా సత్యవతమ్మ షెడ్డుకి వచ్చింది. నాగసతీష్ అడిగినట్టే కిందకి తిప్పి బిగించాడు దేవసహాయం. కారు నేలని కరుచుకుని నిలబడింది. వాడి మొహం వెలిగిపోయింది.

"ఎక్కవే అమ్మమ్మా, మొదటి సవారీ నీదే!"

ఎక్కడం కాదది, పడడం. సీటు అందక కాస్త గాలిలో ఆగి దబ్బున కూలబడింది. షెడ్డు చుట్టూ ఒక రౌండు తిప్పి ఆపాడు వాడు. ఆవిడ కాళ్లు బయట పెట్టింది. తలుపు పట్టుకుంది. లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. మోకాళ్లు గడ్డం దగ్గరున్నాయి.

వాడు చెయ్యి చాచాడు. ఆవిడ ఆ చేతికేసి చూసిన చూపుకి వాడు వెనక్కి తీసేసుకున్నాడు.

"నాకిక్కడే చల్లగా ఉంది. మీరిద్దరూ టీ తాగి రండి," అంది సత్యవతమ్మ.

వాడికి అప్పుడర్థమైంది.

దేవసహాయం ఆవిడ కూర్చున్న వైపు జాకీ పెట్టి నెమ్మదిగా తొక్కాడు. రెండో చేత్తో ఆ ఈనెని సీటు పక్కన నిలబెట్టి చూస్తున్నాడు. సీటు కొంచెం కొంచెంగా లేచింది. ఈనె కొసకి ఒక వేలు మందం ఉందనగా సత్యవతమ్మ కాళ్లు నేలమీద గట్టిగా ఆనాయి. లేచి నిలబడింది. చెంగు సర్దుకుని రెండడుగులు వేసి, షెడ్డంతా తనదే అన్నట్టు చూసింది.

"అక్కడికి తిప్పేయండి దేవసహాయం గారూ," అన్నాడు నాగసతీష్. కారు కింద దూరి, స్పానరు తీసుకుని తనే రింగులు తిప్పాడు. అంత ఖర్చు పెట్టి కారు దిగింది ఒక్క వేలు. స్నేహితులు ఇప్పటికీ ఏడిపిస్తారు. వాడు నవ్వి ఊరుకుంటాడు.

ఆ ఈనె కారులోనే అద్దం వెనక దోపి ఉంది. మొన్న కారు కడుగుతూ వాడు దాన్ని తీసి పారేయబోయాడు.

"ఉంచరా. వచ్చే ఏటికి ఈ మోకాళ్లు ఎలా ఉంటాయో. ఆ ఒక్క వేలు కూడా పైకి తిప్పాలేమో," అంది సత్యవతమ్మ.

మోకాళ్ల మాట ఆవిడ నోట రావడం అదే మొదలు. నాగసతీష్ ఈనెని తుడిచి మళ్లీ అక్కడే దోపాడు.