బొట్టు పెట్టని పట్టకారు

రెండు వేల పదహారు జూన్‌లో నన్ను కిరందుల్ ఇనుప గని మీది డంపర్ల మరమ్మతు విభాగం నుంచి బచేలి టౌన్‌షిప్‌లోని శిక్షణ వర్క్‌షాపుకు ఫోర్‌మన్‌గా మార్చారు. ఫోర్‌మన్ అంటే ఇంజనీరుకు కింద, చార్జ్‌మన్‌కు పైన. ఏది చెడిపోయినా ఇద్దరూ చూసేది అతని ముఖమే. పాతికేళ్లు డంపర్ల మోతలో బతికినవాణ్ణి, ఆ కొత్త చోట నిశ్శబ్దానికి వారం రోజులు చెవులు చిల్లులు పడ్డట్టే ఉంది.

అప్రెంటిస్‌లు లేతు మీద ఇనుప ముక్కలు తిప్పి, కొలిపించుకుని, తుక్కు డబ్బాలో పారేసేవారు. నాకు ఒళ్లు మండేది. నేర్చుకున్న పనంతా ఒకచోట కలిసేలా ఏదైనా చేయించాలని చిన్న ఆవిరి రైలింజన్ మొదలుపెట్టాం. బొమ్మ అనుకోకండి. నిజంగా నీళ్లు మరుగుతాయి, ఆ ఆవిరితోనే పిస్టన్లు కదులుతాయి. పట్టాల మధ్య దూరం నలభై అయిదు మిల్లీమీటర్లు. కొత్తగా ఈ పనికి దిగేవాళ్లు ఊగే సిలిండర్లతో మొదలుపెట్టడం మంచిది. సిలిండరే అటూ ఇటూ ఊగుతూ ఆవిరికి దారి తెరుస్తుంది, మూస్తుంది. వేరే కవాటాల గొడవ ఉండదు.

బాయిలర్‌కు రాగి గొట్టం. దాని మూతలను వెండి కలిసిన టంకంతో అతికింది మా వెల్డర్ కట్టం లక్ష్మయ్య. మరైగూడ మనిషి, ఇంట్లో దోర్లీ, బజార్లో హిందీ, నాతో తెలుగు. అతికాక బాయిలర్‌ను నీళ్లతో నింపి, చేతిపంపుతో మామూలు ఒత్తిడికి రెట్టింపు ఎక్కించాం. నీటితో ఎందుకంటే, తేడా వస్తే గొట్టం చీలుతుంది గానీ పేలదు. చుక్క కూడా కారలేదు. "ఏంది సార్, నా చెయ్యి మీద గంత అనుమానమా?" అని లక్ష్మయ్య వారం పాటు నన్ను దెప్పాడు.

ఆగస్టులో ఇంజన్ బెంచీ మీద తిరిగింది. చూరు కింద పట్టిన వాన నీళ్లే పోశాం, బచేలి కుళాయి నీళ్లకు బాయిలర్‌లో సున్నం పేరుకుంటుంది. చక్రాలు గిర్రున తిరుగుతుంటే నా అంత వాడు లేడనిపించింది. అసలు తకరారు ఆ తర్వాతే వచ్చింది.

వర్క్‌షాపు వెనక టైర్ల పాత షెడ్డు ఖాళీగా ఉండేది. పట్టాలు శాశ్వతంగా వేసుకోవడానికి అది మాకు కావాలి. మహిళా మండలికి కూడా అదే కావాలి, కుట్టు కేంద్రానికి. ఆ మండలి కార్యదర్శి మా ఆవిడ సుభద్ర. "మా మిషన్లు వరండాలో వానకు తడిసి తుప్పు పడుతున్నాయండీ. మీ బొమ్మకు అంత షెడ్డా?" అనేది. కంచం ముందు ఆ మాట వింటే ముద్ద దిగేది కాదు, ఎందుకంటే ఆవిడ చెప్పింది నిజం. చివరకు జనరల్ మేనేజర్ తీర్పు చెప్పారు. విశ్వకర్మ పూజ నాడు అందరి ముందూ ఇంజన్ రెండు వ్యాగన్ల ఇనుప ఖనిజాన్ని లాగుతూ ఆగకుండా ఒక చుట్టు తిరిగితే షెడ్డు మాది. ఆగితే మండలిది.

గని టౌన్‌షిప్‌లో విశ్వకర్మ పూజంటే మామూలు పండగ కాదు. ఆ రోజు కుటుంబాలన్నీ వర్క్‌షాపు చూడటానికి వస్తాయి. ముందురోజే యంత్రాలన్నీ కడిగి, తుడిచి, పూజనాడు లేతుకు పూలదండ వేసి, స్పానర్ నుంచి సుత్తి దాకా ప్రతి పనిముట్టుకూ బొట్టు పెడతారు. ఇక ఆ రోజంతా వాటిని ఎవరూ ముట్టుకోరు, జనరల్ మేనేజర్ మాట మీద మా ఇంజన్‌కొక్కదానికే మినహాయింపు. ఈ నియమానికి కాపలా పూజా కమిటీ పెద్ద సాహూ గారు. దుర్గ్ నుంచి వచ్చిన చార్జ్‌మన్, మహా నిష్ఠాపరుడు. ఆ నిష్ఠతోనే ముందురోజు సాయంత్రం మా ఇంజన్‌నూ శుభ్రం చేశారు. బాయిలర్ కింద మంట పెట్టే స్పిరిట్ బర్నర్‌లోంచి మరక పట్టిన పాత వత్తులు తీసేసి, దాని గొట్టాల్లో తెల్లటి కొత్త వత్తులు కూరారు. ప్రేమ కొద్దీ గట్టిగా కూరారు.

ఆ సంగతి పూజ అయ్యాక, జనం చుట్టూ మూగాక తెలిసింది. స్పిరిట్ పోసి వెలిగించాను. మంట నీలంగా, నీరసంగా, గొట్టం మూతి దాటి పైకి రాలేదు. పోగుల మధ్య సందు ఉంటేనే స్పిరిట్ పైకి పాకుతుంది. పది నిమిషాలు గడిచినా ఒత్తిడి ముల్లు సున్నా మీదే ఉంది. "కుండ ఉడకదాయె సార్," అన్నాడు లక్ష్మయ్య. జనరల్ మేనేజర్ వాచీ చూసుకున్నారు, ఆయన కిరందుల్ పూజకు వెళ్లాలి.

మంట ఆర్పేశాం. బర్నర్ లాగి నాలుగు పోగులు తీస్తే సరిపోతుంది, కానీ అది కాలిపోతోంది. నేను కటింగ్ ప్లయర్ వైపు ఒక చూపు చూశానంతే, సాహూ గారు చేతులు అడ్డం పెట్టారు. "రావ్‌జీ, ఆజ్ ఔజార్ కో హాథ్ నహీ!" పనిముట్టు ముట్టుకోవద్దని. లక్ష్మయ్య వేళ్లతో ప్రయత్నించి, చురుక్కుమనగానే వాటిని నోట్లో పెట్టుకున్నాడు. షెడ్డు పోయిందనే అనుకున్నాను. దుఃఖం వచ్చింది, దాచుకోను.

అప్పుడు ప్రసాదం పందిట్లోంచి సుభద్ర వచ్చింది, ఒక చెయ్యి కొంగు వెనక దాచుకుని. నా చెవి దగ్గర నెమ్మదిగా, "సగం షెడ్డు ఇస్తారా?" అంది.

"ఇప్పుడా బేరం?"

"ఇప్పుడు కాకపోతే మీరు వింటారా?"

తలూపాను. కొంగు వెనక నుంచి వంటింటి పట్టకారు బయటికొచ్చింది. సాహూ గారు ఉలిక్కిపడి, ఇదీ ఔజారే కదా భాభీజీ అన్నారు. సుభద్ర తడుముకోకుండా హిందీలో అడిగేసింది: "దీనికి బొట్టేదీ? పొద్దున్న అన్నిటికీ మీరే పెట్టారు కదా, పనిముట్టయితే దీన్నెందుకు వదిలేశారు? ఇవాళ దీనికీ సెలవైతే పాయసం గిన్నె దేనితో దించాం? మీరు రెండుసార్లు వేయించుకున్నారు కూడా." జనం గొల్లుమన్నారు. సాహూ గారు పట్టకారును అటూ ఇటూ తిప్పి చూశారు. బొట్టు లేదు. నవ్వాపుకోలేక పక్కకు తప్పుకున్నారు.

నేను చెయ్యి చాపాను. "ఉండండి, మీ చేతికిస్తే ఇది ఔజార్ అయిపోతుంది," అని సుభద్రే బర్నర్‌ను లాగింది. గాజుకు తగిలించిన పిన్నీసు తీసి, నేను చెప్పినన్ని పోగులు ఒక్కో గొట్టంలోంచి పీకేసింది. పిన్నీసు గురించి ఎవరూ అడగలేదు. తడిగుడ్డ వేసి బర్నర్ చల్లారాకే మళ్లీ స్పిరిట్ పోశాను, వేడి బర్నర్‌లో పోయడమంటే కోరి కాల్చుకోవడమే.

ఈసారి మంట గొట్టాలు దాటి లేచింది. నీళ్లు సన్నగా పాడాయి. ముల్లు కదిలింది. సేఫ్టీ వాల్వ్ బుస్సుమనగానే పిల్లలు కేకలు పెట్టారు. వేలితో చిన్నగా తోశాను. చల్లటి సిలిండర్లలో చేరిన నీరంతా పొగగొట్టంలోంచి చిమ్మి సాహూ గారి తెల్ల కుర్తా మీద పడింది. ఆ వెంటనే ఇంజన్ కదిలింది. ఎర్రటి ఖనిజం నింపిన రెండు వ్యాగన్లతో మలుపు తిరిగింది. "పోతాంది సార్! పోతాంది!" అని లక్ష్మయ్య దాని పక్కనే వంగి నడిచాడు. ఒక చుట్టు అడిగితే స్పిరిట్ అయిపోయేదాకా తిరిగింది. నా జన్మలో అంత గట్టిగా చప్పట్లు కొట్టలేదు.

షెడ్డులో సగం వాళ్లు, సగం మేము. తీరా చూస్తే పట్టాల మలుపుకు చోటు చాలక కుట్టు మిషన్ల బల్లల కింద నుంచి వేయాల్సి వచ్చింది. తర్వాత తర్వాత దారపు రీళ్లు ఈ చివర నుంచి ఆ చివరకు మా వ్యాగన్లలోనే వెళ్లేవి.

మరుసటి ఏడాది పూజనాడు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్తే వంటగది కడిగిన ముత్యంలా ఉంది. గ్యాస్ పొయ్యికి పూలదండ. పీట మీద పట్టకారు, అట్లకాడ, గరిటెలు, కత్తిపీట, అన్నిటికీ బొట్లు. "ఇవాళ ఔజార్ ముట్టుకోకూడదు కదండీ," అంది సుభద్ర తాళంచెవి తీస్తూ. ఇద్దరం క్యాంటీన్‌కు నడిచాం. అక్కడ సాహూ గారు భార్యతో సహా ముందే వరసలో నిలబడి ఉన్నారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా కొత్త అప్రెంటిస్‌లకు రెండే మాటలు ముందు చెప్పేవాణ్ణి. పండగకని శుభ్రం చేసినదాన్ని ఆ సాయంత్రమే ఒకసారి వెలిగించి చూడాలి. ఏది పనిముట్టో తేల్చే ముందు, దాన్ని రోజూ పట్టుకునేవాళ్లను అడగాలి.