లారీని తిప్పి పంపిన అక్క

నా చిన్నప్పుడు, బంగారు గనులు మూతపడ్డాక, గని కూలీలకు వరసగా కట్టిన మా లైనిళ్ళలో మగవాళ్ళెవరూ ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయేవారు. మా నాయన అన్నం ముందు నుంచి కూడా లేచి వాకిట్లోకి వెళ్ళి వచ్చేవాడు. ఆ అస్తిమితం మా అందరికీ అంటుకుంది. చివరికి ఆయనకు బెంగళూరు దారిలోని ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో మూటలు దించే పని దొరికింది. లారీ దించితేనే కూలి. పక్కింటి అక్క అదే ఫ్యాక్టరీలో, వచ్చిన సరుకును పరీక్షించే గదిలో పనిచేసేది.

ఒకరోజు నాయన మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. వచ్చిన చక్కెర లారీని దించనివ్వకుండా అక్క వెనక్కి పంపించేసిందట. మా లైను నుంచి వెళ్ళిన కూలీలందరికీ ఆ రోజు పని పోయింది. సాయంత్రం ఆమె రైలు దిగి ఇల్లు చేరేసరికి వాళ్ళంతా ఆమె వాకిట్లోనే ఉన్నారు. ఏం జరుగుతుందోనని నేను మా గడపలో నిలబడలేక, కూర్చోలేక అవస్థపడ్డాను.

"ఏమమ్మా, చక్కెర తెల్లగానే ఉండాది కదా! మా కడుపు కొడితే నీకేమొచ్చింది?" అన్నాడు నాయన.

అక్క లోపలికి వెళ్ళి రెండు గాజు గ్లాసులతో నీళ్ళు తెచ్చింది. ఒకదానిలో తన ఇంటి చక్కెర, రెండోదానిలో పరీక్షకని తీసి, పొట్లం కట్టి వెంట తెచ్చుకున్న ఆ లారీ చక్కెర వేసి కలిపింది. మొదటి గ్లాసులో నీళ్ళు తేటగా నిలిచాయి. రెండోది మసకబారి, అడుగున నల్లటి నలుసులు చేరాయి.

"గింజ, రంగు, తేమ, కరగని మురికి... అన్నిటికీ ఇంతవరకే అని ఒక హద్దు ఉండాదన్నా. ఇది దాటిపోయింది. ఆ బిస్కెట్లు తినేది మన పిల్లోళ్ళే కదా."

"ఇంగ రేపు కూడా అదే లారీ వస్తే?" అన్నాడు నాయన.

"రేపూ పంపించేస్తానన్నా."

ఎవరో విసుక్కుంటూ వెళ్ళిపోయారు. నాయన మాత్రం ఆ గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసి, కింద పెట్టి ఇంటికొచ్చాడు. కొన్నాళ్ళు లైనులో అక్కతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. తర్వాత మంచి చక్కెర వచ్చింది, పనీ దొరికింది, కోపాలు వాటంతటవే చల్లారాయి.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక, గ్లాసులు కడుగుతున్న అక్క చేతులు వణకడం చూశాను. "భయమేసిందా అక్కా?" అని అడిగాను.

"ఇంకా వేస్తా ఉండాది," అని నవ్వింది.

ధైర్యమున్నవాళ్ళకు మనసు నిలకడగా ఉంటుందని అంతవరకు అనుకునేదాన్ని. ఇప్పటికీ ఎవరికైనా కాదని చెప్పవలసి వస్తే నాకు కాళ్ళు వణుకుతాయి. ఆ వణుకు తగ్గేదాకా ఆగను. చెప్పేస్తాను.