అయ్యప్ప మాలల ఎల్లిగడ్డ వాసన

తెల్లకోటు కొత్తగా తొడుక్కున్న ఆ దినాలల్ల, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాక నాకంటె తెలివిగలోడు ఎవ్వడు లేడని నా గట్టి నమ్మకం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ అయ్యి కాంగనే ఒక మందుల కంపెనీ ల్యాబుల నౌకరి దొరికింది మరి! మా నాయిన కొత్తపేట పండ్ల మార్కెట్ల ట్రాలీ ఆటో నడిపేటోడు (అప్పటికింక మార్కెట్ బాటసింగారం పోలె). నల్గొండ పల్లె ఇడిసొచ్చి, కిరాయి ఇంట్ల ఉండుకుంట నన్ను చదివిచ్చిండు. నాకు నౌకరొస్తే ఇద్దరం కలిసి శబరిమల వస్తమని మొక్కుకున్నడంట. ఆ యేడు తను ఏసుకొని, నాతోని కూడ మొదటిసారి అయ్యప్ప మాల ఏయిచ్చిండు. మాలల ఉన్నోళ్లను ఎవరైనా సామీ అనే పిలవాలె, కొడుకైనా సరే. దాంతోని నన్ను తిట్టాలంటే నాయినకు పెద్ద పరేషాన్ అయింది. “లే సామీ, స్నానం చెయ్ సామీ, దున్నపోతు లెక్క ఏం నిద్ర సామీ!” అని, మళ్ల తనే చెంపలేసుకునేటోడు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, నీసు అన్నీ బంద్. చెప్పులు కూడ బంద్ గాని, ల్యాబుల మాత్రం బూట్లేసుకోనీకి మాకు మాలేసిన గురుసామి దయతలిచిండు.

మా ల్యాబుల టెల్లూరియం టెట్రాక్లోరైడ్ అని ఒక సీసా ఉండె. లేత పసుపు రంగుల, శనగపిండి లెక్క అమాయకంగ కనపడతది. కొత్త మందుల కోసం అణువులు కట్టేటప్పుడు క్లోరిన్ అతికియ్యనీకి, టెల్లూరియం చేర్చనీకి పనికొస్తది. తేమంటే మాత్రం దానికి పడదు. గాలిల జర తడి తగిలితే చాలు, పొగలు కక్కి ఆమ్లం ఇడుస్తది. ఒంటి మీద పడితే కాలుస్తది, కండ్లకు, ఊపిరితిత్తులకు చేటు. అందుకే పొగ గుంజే అల్మారల పెట్టి, చేతులకు తొడుగులేసుకొని తియ్యాలె. నేను అట్లనే తీసిన. తుఫాను ముసురు పట్టిన రోజది. మూత తీసిన్నో లేదో కరెంటు పోయి అల్మార ఫ్యానాగింది. మళ్ల మూత పెట్టేలోపల పొగ నా ముక్కుల దూరనే దూరింది. దగ్గు, కండ్లల్ల నీళ్లు. కంపెనీ డాక్టరు చూసి భయంలేదన్నడు గాని, మా సీనియర్ మేడం (గుంటూరావిడ) నన్ను జాలిగ చూసింది.

“బాబూ, టెల్లూరియం ఒంట్లోకి పిసరంత పోయినా ఊపిరి, చెమట అన్నీ వెల్లుల్లి వాసనొస్తాయి. పళ్లు తోమినా పోదు. వారాలపాటు ఉండొచ్చు” అంది.

“మేడం, నేను మాలల ఉన్న!”

“అదేగా నా బాధా!”

మర్నాడు పొద్దుమీకి భజనల నేను నోరు తెరిచి “స్వామియే” అన్ననో లేదో, ముందు వరుసల సాములందరు ఎనక్కి తిరిగిండ్రు. గురుసామి దగ్గరికొచ్చి వాసన చూసిండు. నా చదువంత బయటికి తీసిన. టెల్లూరియం ఒంట్లకు పోయి వాయువైతదని, అది ఊపిరిల బయటికొస్తదని చెప్పిన. చెప్పినకొద్ది వాసన ఎక్కువైంది. “సామీ, బండికాడ నూడుల్స్ తిన్ననని చెప్పు, అయిపోతది. గీ ఇంగ్లీషెందుకు?” అన్నడాయన. రోజులు గడిచినయి గాని వాసన పోలె. ఇరుముడి కట్టే రోజొచ్చింది. “నియమం తప్పినోనికి నేను కట్ట” అని గురుసామి తెగేసి చెప్పిండు. ఇరుముడి లేకుంటే పద్దెనిమిది మెట్లెక్కనియ్యరు.

నాయిన లేచి నిలబడ్డడు. మార్కెట్ల కూడ గొంతు పెంచని మనిషి. “నా కొడుకు తినలే సామీ. కడితే ఇద్దరికి కట్టుండ్రి, లేకుంటె ఇద్దరికొద్దు” అన్నడు. గురుసామి గొణుక్కుంటనే ఇద్దరికి కట్టిండు. బస్సుల నా పక్కన ఎవ్వరు కూసోలె. నాయినే కూసున్నడు, కేరళ దాక. మెట్లెక్కేటప్పుడు నా చెయ్యి ఇడువలె. మా నాయినకు చదువు లేకున్నా నా సైన్సు అర్థమైందని నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు అల్మాస్‌గూడల మాకొక చిన్న ఇల్లుంది. మొన్న నా బిడ్డకు గీ ముచ్చట చెప్పుకుంట, “అందర్ల తాత ఒక్కడే నన్ను నమ్మిండు” అన్న.

చాయ్ తాగుతున్న నాయిన తలెత్తిండు. “నమ్ముడేంది? తిన్నవనే అనుకున్న.”

“మరి అందరి ముంగట గట్లెట్ల చెప్పినవ్?”

“పొద్దంత పనిజేసి ఆకలైంది గావచ్చు, పిలగాడు ఏడనో తిన్నడనుకున్న. నిన్నిడిసి నేనొక్కన్నే ఎట్ల పోతరా? మెట్ల మీద సామికి చెప్పుకున్న, తప్పు నాది, వాన్నేమనకు అని.”

పొగ సంగతి మళ్ల మొదటికెల్లి చెప్దామని నోరు తెరిచిన. ఎదురుంగ ముసలి మొకం, ఎప్పుడో మాఫీ చేసేసిన మొకం. తన కెమిస్ట్రీ గెలిచిందని ఇన్నేండ్లు మురిసిన ఆ తెల్లకోటు పిలగాడు యాదికొచ్చి నవ్వొచ్చింది, కండ్లల్ల నీళ్లు కూడ వచ్చినయి.

“అవ్ నాయినా, తిన్న” అన్న.

“నాకు తెల్వదారా!” అని నాయిన నా వీపు మీద చెయ్యేసిండు.